గీరని బూడిద

అంతర్జాతీయ శాస్త్ర సదస్సు ఎలా నడపాలో మా కాలేజీలో ఒక్కరికీ తెలియదు. పెళ్ళి ఎలా చెయ్యాలో మాత్రం అందరికీ తెలుసు. అందుకని తెలిసిన పనే చేశాం.

ఎనభైల మొదట్లో సంగతి. నేను అప్పుడు రాజమండ్రిలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. సెమీకండక్టర్ పదార్థాల మీద అంతర్జాతీయ సదస్సొకటి ఎక్కడో పెద్ద పట్నంలో జరగబోతోందని తెలిసి, మా డిపార్ట్‌మెంట్ హెడ్డుగారు దాని నిర్వాహకులకి ఉత్తరం రాశారు. అక్కడి సభలు ముగిశాక విదేశీ అతిథుల్లో కొందర్ని మా ఊరు పంపితే, ఒకరోజు మా కాలేజీలో సదస్సు, మర్నాడు గోదావరి మీద లాంచీలో పాపికొండల దాకా షికారు ఏర్పాటు చేస్తామని దాని సారాంశం. సదస్సు గురించి రెండు వాక్యాలు, లాంచీ గురించి పేజీన్నర. టైపు కొట్టింది నేనే కనక నాకు తెలుసు. వాళ్ళు ఒప్పుకున్నారంటే అందులో మా సైన్సు గొప్పతనం ఎంతో, గోదావరి గొప్పతనం ఎంతో మీరే ఊహించుకోండి.

జవాబు వచ్చిన రోజున హెడ్డుగారు దాన్ని స్టాఫ్ రూములో రెండుసార్లు పైకి చదివారు. "ఐదుగురొస్తున్నారండీ! ఐదుగురూ ఐదు దేశాలు!" అని మూడోసారి చదవబోతే బెల్లు కొట్టేశారు. ఆయనకి ఇంకో ఏడాదిలో రిటైర్మెంటు. ఆ రోజు ఆయన నడకలో కూడా తేడా వచ్చింది.

ఆ వారమే కాలేజీ కమిటీ సమావేశం జరిగింది. కమిటీలో పెద్దాయనకి మెయిన్ రోడ్డులో బట్టల కొట్టుంది. తరాల నాటి వ్యాపారం. ఆయన అంతా శ్రద్ధగా విని, "ఇంతకీ ఏంటండీ ఈ సెమీకండక్టరంటే?" అని అడిగారు.

హెడ్డుగారు గొంతు సవరించుకుని, "ఒకప్పుడు కరెంటు పోనిస్తుందండి, ఒకప్పుడు పోనివ్వదు. కాస్త వేడి తగిలినా, కాస్త వెలుగు పడినా, పక్కన ఇంకోటి చిటికెడు కలిసినా దాని గుణం మారిపోద్ది. చాలా జాగ్రత్తగా చూసుకోవాలండి" అన్నారు.

"అర్థమైందండి. మా పెద్దల్లుడు" అన్నారు పెద్దాయన.

అందరం నవ్వాం గానీ ఆయన నవ్వలేదు. "ఐదుగురు అల్లుళ్ళొస్తున్నారనుకుందాం. చదువు సంగతి మీరు చూసుకోండి, మర్యాదల సంగతి మాకొదిలేయండి" అని లేచారు.

ఆ మాటతో సదస్సు ఎలా ఉండబోతోందో తేలిపోయింది. విదేశీయుల్ని దింపే గెస్ట్‌హౌసుకి విడిది అని పేరొచ్చింది. స్టేషనుకి సన్నాయి మేళం మాట్లాడారు. రావులపాలెం నుంచి అరటిగెలలు లారీలో వచ్చి కాలేజీ గేటుకి అటూ ఇటూ వేలాడాయి. పెద్దాపురం నుంచి వంటవాళ్ళు దిగారు. రాగానే పానకం ఇవ్వాలా, కొబ్బరిబొండాలు ఇవ్వాలా అన్నదాని మీద ఒక సాయంత్రమంతా చర్చ జరిగి, చివరికి రెండూ ఇవ్వాలని తీర్మానించారు. కాళ్ళు కడగడం ఒక్కటి హెడ్డుగారు వద్దన్నారు. అదీ సైన్సు మీద గౌరవంతో కాదు, ఐదుగురి బూట్లూ మేజోళ్ళూ విప్పించేసరికి ఇడ్లీలు చల్లారిపోతాయని. ప్రసంగాల జాబితా మాత్రం నాలుగు రోజుల ముందు దాకా ఎవరికీ గుర్తు రాలేదు.

ఈ హడావుడిలో నా స్వార్థం నాకుంది. నేను నాలుగేళ్ళుగా ఉద్యోగం చేస్తూనే పీహెచ్‌డీ చేస్తున్నాను. నా పనంతా ఊక బూడిదతో. వరి ఊకలో సిలికా దండిగా ఉంటుంది. ఊకని ఆసిడ్‌లో ఉడికించి, కడిగి, ఎండబెట్టి, కాలిస్తే తెల్లటి బూడిద మిగులుతుంది. దాన్ని మెగ్నీషియం పొడితో కలిపి మళ్ళీ వేడిచేస్తే, అదృష్టం బాగుంటే, సిలికాన్ వస్తుంది. సెమీకండక్టర్లకి సిలికానే ప్రాణం. మన జిల్లాల్లో ప్రతి రైసుమిల్లు వెనకా కొండల్లా పడి ఉన్న ఊకలోంచి ట్రాన్సిస్టర్లు పుట్టించాలని నా ఆశ. మా ఇంట్లోవాళ్ళ దృష్టిలో అది బూడిదలో పోసిన పన్నీరు.

వాళ్ళనీ తప్పు పట్టలేం. పన్నెండు సార్లు ఊక కాల్చి, పన్నెండు సీసాల్లో పోసి, నంబర్లు అంటించి పెట్టుకున్నాను. వాటిలో ఏడో సీసా బూడిద ఒక్కటే సిలికాన్ ఇచ్చింది. మిగతావి మొండికేశాయి. కారణం నాకు తెలియదు. మా ఫర్నేసు కరెంటు మీద నడిచేది, కరెంటు దాని ఇష్టం మీద నడిచేది. అందుకని సగం సార్లు ల్యాబు వెనక ఊకపొయ్యి మీదే కాల్చాను. ఏ రోజున మంట ఎంతుందో సరిగ్గా రాసుకోలేదు. పన్నెండోది కాస్త నల్లగా, మురికిగా వస్తే దాన్ని పరీక్షించడం కూడా దండగని పక్కన పెట్టేశాను.

ఏడో సీసాలో బూడిద ప్రత్యేకత ఏమిటో తేల్చాలంటే ఎక్స్‌రే పరీక్ష కావాలి. ఆ యంత్రం మాకు అందుబాటులో లేదు. ఆ ఫలితం లేకుండా థీసిస్ ముట్టుకోనని మా గైడుగారు చెప్పేశారు. గడువు పది నెలల్లో ముగుస్తుంది. మా ఊరు రాబోయే ఐదుగురిలో జర్మనీ ప్రొఫెసరుగారికి ఆ యంత్రం ఉందని తెలిసి ఉత్తరం రాశాను. "ఒక్క సీసా ఇవ్వండి, నా పెట్టెలో పట్టుకెళ్ళి పరీక్ష చేయించి పంపుతాను" అని జవాబు రాశారాయన. ఒక్క సీసా అంటే ఇంకేముంది, ఏడోదే. నా నాలుగేళ్ళ చదువూ ఆ సీసాలో గుప్పెడు బూడిదగా ఉంది.

సదస్సుకి ముందు రోజు పెద్దాయన వాళ్ళింట్లోంచి ఆరు వెండి కంచాలు పంపించారు. ఐదు అతిథులకి, ఒకటి హెడ్డుగారికి. ఏళ్ళ తరబడి భోషాణంలో ఉండి నల్లబడిపోయాయి. వాటిని తోమించే పని నా నెత్తిన పడింది, ఎందుకంటే పెద్ద తొట్టీ కుళాయీ ఉన్నది మా ల్యాబులోనే.

ల్యాబులో గాజుసామాను కడిగే ఆవిడకి యాభై ఏళ్ళుంటాయి. పెళ్ళిళ్ళ రోజుల్లో సెలవు పెట్టి వంటవాళ్ళ వెంట గిన్నెలు తోమడానికి వెళ్ళేది. ఆవిడ తోమిన గంగాళంలో చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చని వంటవాళ్ళు చెప్పుకునేవారు. మా పరీక్షనాళికలు కూడా అలాగే మెరిసేవి. మా ప్రయోగాల్లో నిజంగా మెరిసినవి అవొక్కటే.

"కంచాల్లో మొహం కనపడాలమ్మా. ఫారిన్ వాళ్ళు తింటారు" అన్నాను.

"ఆయ్. సబ్బుపొడుందాండీ?" అంది.

నేను బ్యానరు వంకర సరిచేయించే తొందరలో ఉన్నాను. "ల్యాబులో ఏముంటే అది వాడుకో" అనేసి పరిగెత్తాను. ఈ మాట నేనన్నానని చాలా రోజులు ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు.

మర్నాడు పొద్దున్నే అతిథులు రైలు దిగారు. సన్నాయి ఒక్కసారి అందుకునేసరికి జర్మనీ ప్రొఫెసరుగారు ఆ రైల్లో ఎవరో మహారాజు వస్తున్నాడనుకుని, పక్కకి తప్పుకుని, మునివేళ్ళ మీద లేచి వెనక్కి చూశారు. ఆరడుగుల మనిషి, తెల్ల గడ్డం. మెడలో దండ పడ్డాక గానీ ఆ మేళం తన కోసమేనని ఆయనకి అర్థం కాలేదు. పానకం తాగారు, కొబ్బరినీళ్ళు తాగారు, ఆ పైన కాఫీ తాగారు. విడిదిలో నాలుగేసి ఇడ్లీలు తిన్నారు, ఐదోది వద్దంటే పెద్దాయన చిన్నబుచ్చుకోవడం చూసి అదీ తిన్నారు. సదస్సు మొదలయ్యేసరికి ఐదు దేశాల కళ్ళూ మూతలు పడుతున్నాయి.

హాలు నిండిపోయింది. ముందు వరసలో కమిటీ వారు, వెనక వరసల్లో విద్యార్థులు, మధ్యలో భీమవరం వైపు నుంచి వచ్చిన నలుగురైదుగురు రైతులు. మా కాలేజీలో వాళ్ళ పిల్లలు చదువుతున్నారు. జర్మనీ ప్రొఫెసరుగారు స్లైడ్లు వెయ్యబోతుంటే కరెంటు పోయింది. మేం సిగ్గుతో చచ్చిపోయాం గానీ ఆయన హాయిగా కోటు విప్పి, సుద్దముక్క తీసుకుని, బోర్డు మీద బొమ్మలు గీస్తూ గంట మాట్లాడారు. మధ్యమధ్య నేను తెలుగులో చెప్పాను. ఆయన రెండు వాక్యాలు చెబితే నేను ఆరు చెప్పేవాణ్ణని తర్వాత మా ఆవిడ అంది.

ఆఖర్న ప్రశ్నలేమైనా ఉన్నాయా అంటే ఒక రైతు లేచారు. "మా మిల్లు వెనకాల ఊక కొండలా పడుందండి. తమకి కావాలంటే ఎంతైనా పట్టుకెళ్ళొచ్చు" అన్నారు. ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్పేసరికి ప్రొఫెసరుగారు నా భుజం మీద చెయ్యి వేసి, ఈ కుర్రాడు ఆ ఊకలోంచే సిలికాన్ తీశాడనీ, భోజనాలయ్యాక ఆ సీసా తనకివ్వబోతున్నాడనీ సభాముఖంగా ప్రకటించారు. ఎవరో చప్పట్లు మొదలెట్టారు. మా హెడ్డుగారైతే లేచి నిలబడి కొట్టారు. నా జీవితంలో అంత గొప్పగా ఎప్పుడూ అనిపించలేదు.

ఆ వెంటనే నా ప్రసంగం. పది నిమిషాలిచ్చారు. ఏడో నిమిషంలో హెడ్డుగారు గంట కొట్టేశారు, పప్పు చల్లారిపోతోందని వంటవాళ్ళు కబురు పెట్టారట.

భోజనాల సంగతి వేరే చెప్పాలి. పులిహోర, గుత్తివంకాయ, ఆవపెట్టిన పనసపొట్టు, ముక్కల పులుసు, బొబ్బట్లు, పూతరేకులు. అతిథుల ముందు వెండి కంచాలు. వాటి మెరుపు చూసి నేనే నిర్ఘాంతపోయాను. పెద్దాయన ఒక కంచం ఎత్తి అటూ ఇటూ తిప్పి, "కొన్న రోజున కూడా ఇలా లేవండి ఇవి" అన్నారు. ప్రొఫెసరుగారు తన కంచంలోకి వంగి గడ్డం సవరించుకున్నారు. ఒక్క గీత కూడా లేదే, ఏ పాలిష్ వాడారని అడిగారు. "మా ప్రాంతపు పురాతన పద్ధతి" అని గర్వంగా చెప్పాను. చెబుతూ ఇంకో బొబ్బట్టు కూడా వేయించాను.

చేతులు కడుక్కుని, సీసా తెద్దామని ల్యాబుకి వెళ్ళాను. బీరువాలో పన్నెండు సీసాల వరస. ఒకటి నుంచి ఆరు ఉన్నాయి. ఎనిమిది నుంచి పన్నెండు ఉన్నాయి. ఏడోది కిటికీ దగ్గర, శుభ్రంగా కడిగి బోర్లించి ఉంది. మీద నంబరు కాగితం చెదరకుండా ఎంతో జాగ్రత్తగా కడిగింది.

అప్పుడు నా నోట వచ్చిన మాటలు ఇక్కడ రాయదగ్గవి కావు. ఆవిడ వెనక వరండాలో గాజుసామాను కడుగుతోంది. నా కేకలకి లేచి వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

"ఈ సీసాలో బూడిదేదీ?"

"కంచాలకి వాడేసేనండి. తెల్లగా విభూతిలా ఉంటేనీ..." అంది. "మీరే గదండీ ల్యాబులో ఏముంటే అది వాడుకోమన్నారు."

నేను స్టూలు మీద కూలబడ్డాను. నా నాలుగేళ్ళూ చింతపండు పులుసులో కలిసి తూములోంచి గోదాట్లోకి వెళ్ళిపోయాయి. అవతల ప్రొఫెసరుగారు తాంబూలం వేసుకుని వస్తూ ఉంటారు. సభలో చప్పట్లు కూడా అయిపోయాయి. ఏం చెప్పను? అప్పుడొక పాడు బుద్ధి పుట్టింది. నాలుగో సీసా బూడిద చూడ్డానికి మల్లెపువ్వులా ఉంటుంది. దాని నంబరు చింపేసి ఏడు అంటించి ఇచ్చేస్తే ఎవరికి తెలుస్తుంది? లేచి నాలుగో సీసా చేతిలోకి తీసుకున్నాను.

"అదొద్దండీ" అంది ఆవిడ. "అది గీరుద్ది."

"ఏంటీ?"

"ఆ సీసాలో బూడిద గీరుద్దండి. వెండికి పనికిరాదు. చూట్టానికి తెల్లగా ఉంటాది గానండీ, వేలికి తెలిసిపోద్ది. నిన్న అన్నీ చూసేను. ఈ ఏడోది, ఆ చివర్న మురిగ్గా ఉందే, అదీ, రెండే మెత్తనండి. మిగతావన్నీ గరుకే. చివర్దాన్ని ఎవరి పెళ్ళికన్నా దాచుకుందావని ఉంచేను."

నా కోపం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. పదకొండు సీసాలతో నేను నెలలు పడ్డ పాట్లు, ఆవిడ నిలువుకాళ్ళ మీద బొటనవేలితో తేల్చేసింది. పైగా నేను దండగన్న సీసాని పెళ్ళికి దాచింది.

"గరుకు ఎందుకొస్తుందమ్మా?"

"మంటను బట్టండి. నిదానంగా కాలితే మెత్తగా ఉంటాది. గాలి తగిలి మంట రేగిందంటే గరుకెక్కిపోద్ది. అలాంటిది ఇనప మూకుళ్ళకే. ఇది మా అమ్మకీ తెలుసు, మా అమ్మమ్మకీ తెలుసండి." నాకు మాత్రం తెలియదని ఆవిడ అనలేదు. అది ఆవిడ మర్యాద.

ఇంతలో ప్రొఫెసరుగారు రానే వచ్చారు. ఎర్రగా పండిన నాలుకతో నవ్వుతున్నారు. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను గానీ, బోర్లించిన ఏడో సీసా ఎదురుగానే ఉంది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. మీరు మొహం చూసుకున్న ఆ మెరుపే నా పరిశోధన అన్నాను. ఆయన ఒక్క క్షణం అర్థం కానట్టు చూసి, గోడకి ఆనుకుని, కళ్ళ వెంట నీళ్ళు వచ్చేలా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. తర్వాత ఆవిడ చెప్పినదంతా చెప్పాను. అప్పుడు ఆయన నవ్వడం మానేశారు.

ఆవిణ్ణి అటు తిరిగి కూర్చోమన్నారు. మిగిలిన పదకొండు సీసాల్లోంచి చిటికెడు చిటికెడు తీసి ఆవిడ చేతిలో పెడుతూ వచ్చారు. ఆవిడ బొటనవేలూ చూపుడువేలూ కలిపి రెండుసార్లు నలిపేది. "గరుకు." "గరుకు." "ఇది మరీ ఇసకండీ." పన్నెండోది పెట్టగానే, "ఇదీ" అంది. ప్రొఫెసరుగారు మోసం చెయ్యాలని తొమ్మిదోది రెండోసారి పెట్టారు. "ఇది ఇందాకా ఇచ్చేరు గదండీ" అని వెనక్కి తిరగకుండానే కోప్పడింది. ఆ మాట నేను ఇంగ్లీషులో చెబితే ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు.

"నమ్మకం లేకపోతే ఆయన చేతి గడియారం ఇమ్మనండి" అంది ఆవిడ.

ఆయన ఇచ్చారు. ఒక మూల పన్నెండో బూడిద పెట్టి రుద్దింది. అద్దం నిగనిగలాడింది. ఇంకో మూల నా మల్లెపువ్వు లాంటి నాలుగోది పెట్టి రుద్దింది. వెంట్రుక లాంటి గీతలు నాలుగు పడ్డాయి. ఆయన గడియారాన్ని ఎండకి పెట్టి చూసుకుని, మూడో మూల తొమ్మిదోది కూడా రుద్దమన్నారు.

ఒక్క సీసా అన్న మనిషి రెండు పట్టుకెళ్ళారు, పన్నెండోదీ నాలుగోదీ. మెత్తనిదీ గరుకుదీ పక్కపక్కన పెట్టి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుందన్నారు. వెళ్ళే ముందు ఆవిడ ముందు నిలబడి, చేతులు జోడించి, ఏదో చెప్పి నా వైపు తిరిగారు. నేను చెప్పాను. "నువ్వు చెప్పింది నిజమని తేలితే, అచ్చులో నీ పేరు వేయిస్తానంటున్నారు."

ఆవిడ నమ్మలేదు. "ఊరుకోండి, నాదెందుకండీ" అంటూనే మొహం అటు తిప్పుకుని, కడిగేసిన బీకరునే మళ్ళీ కడిగింది.

మర్నాడు లాంచీ షికారు జరిగింది. పాపికొండలు వాటి పని అవి చేశాయి. ఐదుగురూ సదస్సు దివ్యంగా జరిగిందని రాసి సంతకాలు పెట్టారు. ఆ కాగితాన్ని హెడ్డుగారు ఫ్రేము కట్టించి, రిటైరయ్యే రోజున ఇంటికి పట్టుకెళ్ళారు.

మూడు నెలలకి జర్మనీ నుంచి కవరొచ్చింది. లోపల రెండు గ్రాఫులు. నాలుగో సీసా గ్రాఫులో గీతలు ముళ్ళలా పైకి లేచాయి. అంటే ఎక్కువ మంటకి బూడిదలో సిలికా స్ఫటికాలు కట్టి గట్టిపడిపోయింది. పన్నెండో దానిలో ముళ్ళు లేవు, ఒకటే చదునైన దిబ్బ. స్ఫటికాలు లేవు కనకే మెత్తదనం, అందుకే మెగ్నీషియంతో తేలిగ్గా కలుస్తుంది. ఏడోది ఎందుకు పలికిందో, మిగతావి ఎందుకు మొండికేశాయో నాకు అప్పుడు తెలిసింది. ఆ మధ్యాహ్నమే పన్నెండో సీసా అడుగున మిగిలిన దాన్ని పరీక్షించాను. సిలికాన్ వచ్చింది. ఎగిరి గంతేశాను. మంట తగ్గించి ఇంకో నాలుగు సార్లు ఊక కాల్చాను. ప్రతిసారీ ముందు ఆవిడ వేలు, తర్వాతే నా పరీక్ష. ఒక్కసారి కూడా తప్పలేదు.

ఉత్తరం అడుగున ప్రొఫెసరుగారు ఒక మాట రాశారు. ఇద్దరం కలిసి దీన్ని పత్రికలో వేద్దాం, ఆవిడ పేరు స్పష్టంగా రాసి పంపండి, కృతజ్ఞతల్లో మొదటి పేరు ఆవిడదే ఉండాలి అని.

ఆ ఉత్తరం గైడుగారికి చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి, "గ్రాఫులు బాగున్నాయి. గిన్నెలు తోమే ఆవిడ ఏరిపెట్టిందని రాస్తే మాత్రం, వైవాలో నీ డిగ్రీ కూడా తోమేస్తారు" అన్నారు. ఆయన నవ్వుతూనే అన్నారు. నేను ఇంటికొచ్చి రెండు రోజులు ఆలోచించాను. గడువు దగ్గర పడుతోంది. నాలుగేళ్ళు కళ్ళ ముందు ఉన్నాయి. మూడో రోజున ప్రొఫెసరుగారికి జవాబు రాశాను. ఆ పని చేసింది మా ల్యాబులో శిక్షణ పొందిన ఒక ఆపరేటరనీ, మా దగ్గర అలాంటి వాళ్ళ పేర్లు వేసే ఆనవాయితీ లేదనీ. రెండూ అబద్ధాలే. ఆవిడకి ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. పేర్లు వేసే ఆనవాయితీ సంగతి చూస్తే, నా థీసిస్‌లో టైపిస్టుకీ బైండింగు చేసినాయనకీ కూడా పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాను.

డిగ్రీ వచ్చింది. వైవాలో ఎవరూ ఏమీ తోమలేదు. ఒకాయన మాత్రం, ఎక్స్‌రేకి ముందే మెత్తనివి ఎలా ఏరగలిగారని అడిగారు. "అనుభవం మీద" అన్నాను. ఎవరి అనుభవమో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి పత్రిక ప్రతులు పార్సిల్లో వచ్చాయి. మంచి దళసరి కాగితం, నున్నగా మెరుస్తోంది. ల్యాబులో కవరు విప్పి చూసుకుంటున్నాను. ఆవిడ తొట్టి దగ్గర నుంచి చూసింది. కవరు మీద ఫారిన్ స్టాంపులు గుర్తుపట్టింది. చెయ్యి కూడా తుడుచుకోకుండా వచ్చేసింది.

"జర్మనీ గారు పంపేరాండీ?"

"ఊఁ."

"గడియారం బాగు చేయించుకున్నారంటాండీ?"

"లేదట. గీతలు అలాగే ఉంచుకున్నానని రాశారు."

నవ్వింది. పేజీల వైపు చూస్తూ కాసేపు నిలబడింది. "మరి... ఆ రోజు అన్నారు గదండీ. నా పేరు పడిందాండీ ఇందులో?"

ఆవిడకి చదువు రాదు. నాకు వచ్చు. నా చదువు నాకు ఆ క్షణంలో పనికొచ్చినట్టు ఎప్పుడూ పనికి రాలేదు.

"పడింది" అన్నాను.

"ఎక్కడండీ?"

రెండో పేజీ తీశాను. అనుభవం గల ఒక ఆపరేటరు స్పర్శతో నమూనాలని వేరు చేశారు అని ఒక వాక్యం ఉంది. ఆపరేటరు అన్న మాట చూపించి, "ఇదుగో, ఇదే" అన్నాను.

ఆవిడ బొటనవేలు ఆ మాట మీద ఆనించింది. బూడిదని చూసినట్టే, మెల్లగా రెండుసార్లు రుద్ది చూసింది.

"నున్నగా ఉందండి. బాగా వేశారు" అంది. వెళ్ళి మళ్ళీ తొట్టి దగ్గర కూర్చుంది. ఆ సాయంత్రం వంటవాళ్ళకీ, వాచ్‌మన్‌కీ, మా హెడ్డుగారికీ కూడా చెప్పిందట, తన పేరు జర్మనీలో అచ్చయిందని. హెడ్డుగారు నా వైపు చూశారు.

ఆ ప్రతి ఇప్పటికీ నా దగ్గరుంది. ఆవిడ తడి వేలు ఆనిన చోట కాగితం ఉబ్బి, ఆరాక ముడత పడి అలాగే ఉండిపోయింది. ఎన్నిసార్లు పుస్తకాల కింద పెట్టి అణిచినా ఆ ముడత పోలేదు.